నర్సమ్మ గేటు ముందు స్తంభం

మా గల్లీ నర్సమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున పాలాయన నా దగ్గరికి వచ్చి, "నర్సమ్మ పలుకుతలేదు, జర చూడు పెద్దాయనా" అన్నాడు. గేటు తీసుకుని లోపలికి పోయాను. వంటింట్లో కుర్చీలో కూర్చుని, గోడకు తల ఆనించి ఉంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. లోపలి గదిలోంచి ఆమె భర్త పిలుస్తూనే ఉన్నాడు. ఆయన లేచి రాలేడు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినడం అదే మొదటిసారి.

నాకు రాయడం పెద్దగా రాదు. మా ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాను. మైత్రీవనం వెనక కోచింగ్ పిల్లల నోట్సులకు బైండింగు చేసి బతికాను. కానీ ఆమె గురించి ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పాలి. మా గల్లీలో అద్దెకు వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు. ఇంకో రెండేళ్లు అయితే ఇక్కడ ఒక నర్సమ్మ ఉండేదని చెప్పేవాళ్లు కూడా ఉండరు.

పంజాగుట్ట వైపు ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. గల్లీలో ఎవరికి సూది వేయాలన్నా ఆమే. "సూది దిక్కు చూడకు, నా ముఖం చూడు" అనేది. ఆ ముఖం చూస్తుండగానే పని అయిపోయేది. ఇంకో అలవాటు ఉండేది. ఎదురుపడిన మనిషిని ముందు కాళ్ల దగ్గర చూసేది, వాపు ఉందా అని. ఆ తర్వాతే పలకరింపు. "ముఖం అబద్ధం చెప్తది అన్నా, కాళ్లు చెప్పవు" అనేది. నాకు బీపీ ఉందని నా కంటే ముందు ఆమెకే తెలుసు.

ఆమె భర్త బడి పంతులుగా చేశాడు. గల్లీ అంతా ఆయన్ను సార్ అనే పిలుస్తుంది. ఊపిరితిత్తులు చెడిపోయి, ముక్కుకు గొట్టం పెట్టుకుని ఉంటాడు. మంచం పక్కన ఆక్సిజన్ ఇచ్చే గాలి యంత్రం. అది కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే కూత పెడుతుంది. ఆ కూత వినగానే ఆమె చేతిలో ఏమున్నా కింద పెట్టి పరుగెత్తి సిలిండరు తిప్పేది. సిలిండరు ఎంతసేపో రాదు.

మా గల్లీ కరెంటు తీగలు, మిద్దెలకు ఒక్క అంతస్తే ఉన్నప్పుడు వేసినవి. ఇప్పుడు అవే మిద్దెల మీద హాస్టళ్లు లేచాయి. గదికో ఏసీ. తీగలు అవే. ఎండాకాలం బరువు మోయలేక, వానాకాలం గాలికి ఒకదానికొకటి తగిలి, ఎప్పుడూ కరెంటు పోవడమే. తీగలు మార్చమని నర్సమ్మ కరెంటాఫీసుకు నడిచింది. కసిరినా నడిచింది. రేపు రమ్మంటే మర్నాడు పోయింది. ఒకసారి తోడు పోయాను. అక్కడ కూర్చున్న ఆయన విసుక్కుంటే, "కోపం తగ్గించుకో బిడ్డా, నీ కన్ను కింద నరం అదురుతుంది" అన్నది. ఆయన కుర్చీ చూపించాడు.

చివరికి పని మంజూరైంది. గల్లీ మొదట్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, కొత్త స్తంభాలు, పాత తీగల చోట నల్లటి తొడుగున్న లావు కేబుల్. మనుషులు వచ్చి, స్తంభం రావలసిన చోటల్లా సున్నంతో గుండ్రం గీసి పోయారు. అందులో ఒక గుండ్రం నర్సమ్మ ఇంటి పక్కనున్న ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర పడింది.

తెల్లారేసరికి ఆ గుండ్రంలో ఒక రాయి లేచింది. పసుపు, కుంకుమ, నాలుగు వేపరెమ్మలు. అది బోనాల నెల. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. స్తంభం వస్తే నీళ్ల ట్యాంకర్ తిరగదని హాస్టల్ ఆయన ముందురోజంతా మొత్తుకుంటూనే ఉన్నాడు. పట్నంలో ఇది కొత్త కాదు. జాగా పోతుందంటే రాయికి బొట్టు పెడతారు. పెట్టినవాడికి అది ఉపాయం, దారిన పోయేవాడికి దేవుడు. సాయంత్రానికి ఎవరో కొబ్బరికాయ కొట్టారు. మా ఇంటావిడ కూడా దండం పెట్టుకుని వచ్చింది.

గుంత తవ్వేవాళ్లు వచ్చారు. గడ్డపార పట్టిన మనిషి రాయిని చూసి చెప్పులు విడిచాడు.

"అమ్మవారిని నేనైతే కదిలియ్య. నాకు చిన్న పిల్లలున్నరు."

"అరే, నిన్న లేదు గదరా అమ్మవారు!" అన్నాడు మేస్త్రీ.

"ఇయ్యాల ఉన్నది గద అన్నా."

మేస్త్రీ తల గోక్కుని, "మీరు మీరు తేల్చుకోండ్రి, తేలినంక ఫోన్ చేయుండ్రి" అని బండి ఎక్కి పోయాడు.

నర్సమ్మ గేటు బయటికి వచ్చింది. హాస్టల్ ఆయన తానే మొదలుపెట్టాడు. "ఏంటండీ నర్సమ్మగారూ, అలా చూస్తున్నారు? నేనేం పెట్టలేదండీ. అమ్మవారు ఎక్కడ వెలవాలనుకుంటే అక్కడే వెలుస్తారు."

ఆమె ఆయన కాళ్ల వైపు చూసింది. "వెలవనియ్యి అన్నా. నీ కాళ్లు మస్తు వాచినయి. ఉప్పు తగ్గించు."

ఆయన లుంగీ కిందికి దించుకున్నాడు.

నేను మెల్లగా, "ఆ రాయి నేను తీస్త చెల్లె" అన్నాను.

"వద్దన్నా. నువ్వు తీసినా, నర్సమ్మ తీపిచ్చింది అంటరు. మేం చర్చికి పోయేటోళ్లం. సార్‌కు గాలి గావాలె, గొడవ వద్దు."

గల్లీలో మిగతావాళ్లు వాళ్ల వాళ్ల గోడల వెనక నుంచి చూశారు. కరెంటు అందరికీ కావాలి, స్తంభం ఎవరికీ వద్దు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వాన కొట్టింది. తీగలు తగిలి నిప్పులు రాలాయి, కరెంటు పోయింది. యంత్రం కూత మా ఇంటికి వినిపించింది. నేను పోయేసరికి సిలిండరు అడుగుకు వచ్చింది. కొత్తది తెచ్చే డ్రైవరు, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నానని ఫోన్‌లో అరుస్తున్నాడు. ఆమె సార్‌ను కూర్చోబెట్టి, వీపు నిమురుతూ, "మెల్లగ, నాతోని తీయి, నాతోని ఇడువు" అంటూ తాను కూడా అలాగే ఊపిరి తీస్తోంది. ఆయన పెదవులు నల్లబడ్డాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. చేసేది ఏమీ లేదు. అంతలో కరెంటు వచ్చింది. ఆమె నేల మీద కూలబడి, చాలాసేపు యంత్రం మీద చెయ్యి వేసి ఉంచింది.

మర్నాడు మేస్త్రీకి ఆమే ఫోన్ చేసింది. "మా గేటు ముంగట ఏయుండ్రి."

ఆ మాట విలువ గల్లీలో మాకు తెలుసు. వాళ్ల ఇంటికి ఒక్కటే దారి. ఇటు నీళ్ల సంపు, అటు హాస్టల్ గోడ. మధ్యలో సార్ చక్రాల కుర్చీ కోసం పోయించిన సిమెంటు వాలు. సాయంత్రం ఆ వాలు మీదుగా చిన్న సిలిండరు తగిలించిన కుర్చీని తోసుకుని గల్లీ చివరిదాకా తీసుకుపోయేది. అక్కడ సార్ పైన పోయే మెట్రో రైలును, కింద పోయే పుస్తకాల సంచుల పిల్లలను చూసేవాడు. ఆయనకు ఉన్నది అదొక్క అరగంట. గేటు ముందు స్తంభం పడితే మనిషి పక్కకు తిరిగి పోగలడు. కుర్చీ పోదు.

"సార్‌ను అడిగినవా చెల్లె?" అన్నాను.

"అడిగిన. బయటికి పోవుడా, ఊపిరా, ఏది గావాలె అన్న. రెండూ అన్నడు. పంతులు గద, సగం మార్కులకు ఒప్పుకోడు." నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది. "పేపరు నేనే దిద్దిన" అన్నది.

స్తంభం వాలు మధ్యలో పడింది. కేబుల్ లాగారు. గల్లీ వెలుగు మారింది. యంత్రం కూత మళ్లీ వినలేదు. హాస్టళ్లలో ఏసీలు హాయిగా నడిచాయి. పండక్కి సీరియల్ లైట్లు వేసుకున్నారు. స్తంభం గురించి ఎవరూ మాట్లాడలేదు. సార్ రెండు నెలలు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదని ఆమే ఒకసారి చెప్పింది. "కోపం ఉంటే మంచిదే అన్నా, కోపానికి సుత ఊపిరి గావాలె" అన్నది.

ఆ తర్వాత ఆమె కొంచెం తగ్గిపోయింది. నడక మెల్లబడింది. సాయంత్రం గేటు దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడేది. అలసిపోయావా అని అడిగితే, "కూసుంటే లేవాలె గద, గందుకే నిలబడ్డ" అనేది. అందరి కాళ్లూ చూసిన మనిషి. ఆమె కాళ్లు ఎవరు చూశారు? గుండె ఎప్పటినుంచో బాగాలేదని డాక్టరు వచ్చి చెప్పాకే తెలిసింది.

చర్చివాళ్లు పెట్టె తెచ్చారు. ఖాళీ పెట్టెను నిలువునా లోపలికి తీసుకుపోయారు. ఆమెను పడుకోబెట్టి, ప్రార్థన చేసి, అటు ఇటు మనుషులు పట్టుకుని బయటికి తెచ్చేసరికి స్తంభం అడ్డం వచ్చింది. పెట్టె దాటదు.

"జర పక్కకు వంచితే అయిపోతది" అన్నారు ఎవరో.

కిటికీ పక్కన మంచం మీదున్న సార్ ముక్కు గొట్టం చేత్తో తీసి, ఉన్న గొంతంతా పెట్టి అన్నాడు. "వంచకుండ్రి."

అందరూ ఆగిపోయారు. పెట్టెను కిందికి దించారు. అప్పటిదాకా గల్లీలో చేతులు కట్టుకుని నిలబడ్డ హాస్టల్ ఆయన గబగబా తన హాస్టల్లోకి పోయాడు. పై అంతస్తులో పని చేస్తున్న తాపీ మనిషిని పిలుచుకుని వచ్చాడు. అతని చేతిలో సమ్మెట ఉంది.

"ఒక్క పది నిమిషాలండీ. ఇది నా గోడే" అని వాలు పక్కనున్న హాస్టల్ గోడ చూపించాడు.

మొదటి దెబ్బ ఆయనే వేశాడు, కానీ సరిగ్గా పడలేదు. తాపీ మనిషి సమ్మెట తీసుకుని పని కానిచ్చాడు. ఇటుక దుమ్ము లేచి పెట్టె మీది తెల్ల గుడ్డ మీద పడింది. ఆడవాళ్లు కొంగులతో తుడిచారు. నర్సమ్మ నిటారుగా, ఎటూ వంగకుండా, హాస్టల్ ముంగిట్లోంచి బయటికి పోయింది. బాల్కనీల్లో ఆడపిల్లలు ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డారు.

బేగంపేటలో ఉండే ఆమె చెల్లెలి కూతురు వచ్చి ఇప్పుడు సార్ దగ్గర ఉంటోంది. ఆఫీసు నుంచి ఆ అమ్మాయి వచ్చేదాకా నేను పోయి కూర్చుంటాను. గోడ మళ్లీ కట్టనని హాస్టల్ ఆయన చెప్పి పోయాడు. సార్ కుర్చీ పట్టేంత దారి ఉంచాడు, ఇటుకలు ఏరించాడు.

నిన్న సాయంత్రం కుర్చీ దుమ్ము తుడిచి మంచం దగ్గరికి తెచ్చాను. "పోదామా సార్, రైలు చూసొద్దాం" అన్నాను. ఆయన కిటికీలోంచి విరిగిన గోడ వైపు చాలాసేపు చూశాడు.

"ఇయ్యాల వద్దు" అన్నాడు.

బలవంతం చేయలేదు. కుర్చీని తిరిగి గదిలో మూలకు నెట్టబుద్ధి కాలేదు. బయట వాలు మీద, గోడ తెరిచిన చోట పెట్టి వచ్చాను. చీకటి పడుతోంది. కోచింగ్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఫోన్లలో మాట్లాడుకుంటూ హాస్టల్ గేట్లోకి వస్తున్నారు. ఆ సందు దగ్గరికి రాగానే ఒక్కొక్కరూ గొంతు తగ్గించి, ఖాళీ కుర్చీకి తగలకుండా సంచులు దగ్గరికి లాక్కుని, లోపలికి పోతున్నారు.