ఆవుకు చెప్పిన మంచిమాట

“పొద్దున్నే ఆస్పత్రికి తీసకపోయింటే బావ బతికుండేవాడు గదక్కా,” అంది.

“ఇంకొకసారి నా గడప తొక్కితే సూడు,” అన్నాను.

అంతే. నా తోడికోడలికీ నాకూ అవే ఆఖరి మాటలు. నా భర్త దినాలనాడు, బంధువులంతా విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు.

పలమనేరు పక్కన మా ఊళ్లో మాటలు లేని ఇళ్లకు ఒక పద్ధతి ఉంది. మనిషితో మాట్లాడం, పక్కింటికి వినపడేట్టు ఆవుతో మాట్లాడతాం. మా రెండు కొట్టాలకూ నడుమ ఒకటే గోడ. పాలు పిండుతూ నేను నా ఆవుతో, “ఏమే, కొందరి నోరుకన్నా నీ కొమ్ములే మేలు,” అంటే, ఆమె తన ఆవును తట్టి, “తన్నొద్దే తల్లీ, మొగుణ్ణి మింగినోళ్లు పక్కనే ఉండారు,” అనేది.

నేను చెప్తుంటే ఇది రాస్తున్న మా అన్న కూతురే నన్ను ఒక బౌద్ధ భిక్షువు దగ్గరికి తీసుకుపోయింది. మాట నిజమా, మేలు చేసేదా, ఇది సమయమా, ప్రేమతో అంటున్నామా అని చూసుకొని నోరు తెరవమన్నాడాయన.

“మాటలు లేని మనిషితో ఎట్ల సామీ?”

“ఎదురుగా పోయి చెప్పాలమ్మా.”

ఎదురుగా పోవడానికి కాళ్లు రాలేదు. మరునాడు పాలు పిండుతూ ఆవుతోనే చెప్పాను, మెత్తగా. “ఆమె దుఃఖంతో అనిందే ఆ మాట. నాకు కోపం లేదు. ఆమె సల్లగుండాల.”

గోడ అవతల చెంబు ఠక్కుమంది. “వింటివా? తిట్టేది సాలక ఇప్పుడు దీవిస్తా ఉండాది!” అని తన ఆవుతో చెప్పుకొని ఏడ్చింది. ఇన్నాళ్లూ దెప్పడానికే వాడిన దారిలో మంచిమాట పంపితే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

ఆవును అమ్మేసి ఆమె చిత్తూరులో కూతురింటికి వెళ్లిపోయింది. అప్పుడు కదిలాయి నా కాళ్లు. బస్సెక్కి పోయాను. కూతురు వాకిట్లోనే ఆపింది.

“అమ్మ నిన్ను సూడదంట పెద్దమ్మా. పో.”

లోపల ఆమె దగ్గు వినిపించింది. తిరిగి వచ్చేశాను.

ఈ జన్మకు ఇక ఆమె నన్ను అక్కా అనదు. ఈ కాగితం చేరినా చదివించుకోదు. ఎందుకు రాయిస్తున్నానో నాకే తెలియదు. ఏదీ పిల్లా, మొదటినుంచి చదువు. ఆమెకు గుచ్చుకునే మాట ఎక్కడన్నా ఉంటే ఆగు.