ఓట్ల లైన్లో మొగుళ్ల పేర్లు చెప్పిన పిల్ల

అందరూ బాగున్నారా? చంపాపేట్ వదినా, మోకాళ్ల నొప్పి తగ్గిందా... మెట్లు ఎక్కుతున్నావేమోనని నాకు ఒకటే దిగులు. తమ్ముడూ, బీపీ గోళీలు మానేయలేదు కదా? లక్ష్మీ, మనవడి దగ్గు ఎలా ఉంది? నాకు తెలియని వాళ్లు కూడా నేను రాసే ఈ ముచ్చట్లు చదువుతున్నారట... మీరూ, మీ ఇంట్లో వాళ్లూ చల్లగా ఉండాలి.

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ ద్రాక్షతోటలు. మా నాయన నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ఆ తోటల్లో పనికి కుదిరాడు. కొత్తపేటలో రెండు అర్రల ఇల్లు మాది. అమ్మ కూడా తోటకు పోతే పొద్దంతా నేను ఒక్కదాన్నే...

పక్కింట్లో కిరాయికి ఉండేది రాజ్యం అత్తయ్య. వాళ్లది కృష్ణా జిల్లా. మామయ్యకు సర్కారు కొలువు, అప్పటికి పిల్లలు లేరు. "యాదీ, అన్నం తిన్నావుటే?" అని గోడ మీద నుంచి పిలిచేది. పేలు చూసి జడ వేసేది. ఆ పిలుపు కోసమే నేను గోడ దగ్గర ఊరికే తచ్చాడేదాన్ని.

అవి తెలంగాణ కోసం మొదటిసారి గొడవలు జరిగిన రోజులు. మా చిన్నాయనకు లాఠీ దెబ్బలకు చెయ్యి విరిగింది. ఇంట్లో అందరం ఏడ్చాం. అప్పటి నుంచి అమ్మ, "గా ఇంటికి పోకు బిడ్డా. మీ చిన్నాయన జూస్తే బాధపడ్తడు" అనేది. నేను దొంగచాటుగా పోయేదాన్ని.

ఆ గొడవలు పూర్తిగా చల్లారకముందే ఓట్లొచ్చాయి. ఒక్క ఓటు కూడా పోవద్దని గల్లీ పెద్దలు ఇల్లిల్లూ తిరిగారు. ఆడవాళ్లకు ఓటు వేయడం కంటే మొగుడి పేరు చెప్పడం కష్టం... నోటితో అనకూడదు కదా. అందుకని ఆ పని నాకు పెట్టారు. నాకు తొమ్మిదేళ్లు.

ముందురోజు అత్తయ్య గోడ దగ్గరకు వచ్చింది. "మీ మామయ్యని ఎక్కడో ఓట్ల డ్యూటీకి పంపారే. రేపు నాకూ నువ్వే చెప్పాలి. చెప్తావుగా?" అంది. తల ఊపాను.

బడి ముందు పెద్ద లైను. లోపల బల్ల దగ్గర నిలబడి నేను ఒక్కొక్కరి పేరే చెబుతున్నాను. మల్లయ్య... నర్సింహ... సత్తయ్య... కంగారులో ఒకరి పేరు ఇంకొకరికి చెప్పేశాను. "ఓసి నీ! నా మొగన్ని దానికిచ్చినవేందే!" అని పోశమ్మ పెద్దమ్మ అరిచింది. "నాకొద్దు తల్లీ, నువ్వే ఉంచుకో" అంది రెండో ఆమె. బల్ల దగ్గర సార్లు కూడా నవ్వారు.

అప్పుడు అత్తయ్య వచ్చింది, ఒక్కతే. ఆంధ్రా వాళ్లు చాలామంది ఇళ్లకు తాళం వేసి ఊళ్లకు పోయారు. ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. నవ్వులు ఆగిపోయాయి. "ఈమె ఓటు ఎవలకు వడ్తదో ఎర్కలేదా" అని వెనక ఎవరో అన్నారు.

"భర్త పేరు?" అన్నాడు సారు.

అత్తయ్య నా వైపు చూసింది. "చెప్పవే యాదీ..."

నేను గుమ్మం వైపు చూశాను. వంకరగా అతుక్కున్న చేత్తో చిన్నాయన అక్కడే నిలబడి ఉన్నాడు. తల దించుకున్నాను.

"జర తొందరగా చెప్పమ్మా, వెనక లైనుంది."

"సుబ్బారావు" అంది అత్తయ్య. అంతమంది ముందు. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు ఎర్రగా అయ్యాయి. ఓటు వేసి, సిరా వేలు కొంగులో దాచుకుని నన్ను దాటి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక చిన్నాయన అడిగాడు. "గామెకెందుకు చెప్పలేదే? ఒక్కతి వచ్చింది పాపం, పరేషాన్ జేసినవ్. నేనేమన్న వద్దన్ననా?"

నిజమే... ఆయన వద్దనలేదు. నేనే అనుకున్నాను.

మర్నాడు గోడ దగ్గర నిలబడ్డాను. పిలుపు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. నెల తిరగకుండా వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు.

ఇప్పుడు ఎవరూ మొగుడి పేరు అడగరు, చీటీ చూస్తారు. మొన్నటి ఓట్లకు మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది సెలవని తలుపులు వేసుకుని పడుకున్నారు. లైన్లో నా ముందు ఇద్దరు, వెనక ఎవరూ లేరు. ఎవరికి వేశావని అడగడానికి ఇంట్లోనూ ఎవరూ లేరు... మీ ఇళ్లలో ఆడవాళ్లకు అప్పట్లో మొగుడి పేరు ఎవరు చెప్పిపెట్టేవారో, గుర్తుంటే రాయండి.

రాజ్యం అత్తయ్య నాగోల్‌లో కూతురి దగ్గర ఉందని ఈమధ్యే తెలిసింది. ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. కొత్తపేట యాదమ్మనని చెప్పాను. ఉండమని, లోపలికి పోయి అమ్మను అడిగి వచ్చింది. "అమ్మ రమ్మంటోందండీ" అంది ఆ అమ్మాయి.

గుర్తుపట్టి రమ్మందో, మర్యాదకు రమ్మందో... ఆలోచించి ఆలోచించి రాత్రిళ్లు నిద్ర లేదు. అయినా పోతాను. ఈ ఆదివారం, పొద్దున పదింటికి.