ఓబులేసు పేరు మూడుసార్లు కుట్టాను

పోయిన సంవత్సరం ఎండాకాలం. కల్లూరులో నా కుట్టు అంగడికి ఆటల దుస్తుల పనే ఆధారం. నేను బడికి పోలేదు. తెలుగు మా నాయన ఇంట్లో నేర్పితే, ఇంగ్లీషు అక్షరాలు జెర్సీల మీద పేర్లు కుడుతూ నేర్చుకున్నాను. దేవుడి దయవల్ల మా ప్రాంతపు ఫుట్‌బాల్ లీగులో పై డివిజన్ జట్లన్నిటికీ నేనే కుడుతున్నాను.

ఆ ఏడు కర్నూలు జట్టును ప్లాట్ల వ్యాపారి శేఖర్ రెడ్డి తీసుకున్నాడు. వచ్చీ రాగానే ఇరవై ఆరు జెర్సీలు చెప్పాడు.

“పదకొండు మంది ఆడే ఆటకు ఇన్నేంటికప్పా?”

“మంచోళ్లనంతా మనమే పెట్టుకుంటే పక్కోళ్లకు యాడ దొరుకుతారక్కా? బయటి దేశాల్లో పెద్ద క్లబ్బులు చేసేదీ ఇదే.”

అతనిచ్చిన పేర్ల చీటీలో మైదుకూరు గోల్‌కీపర్ ఓబులేసు పేరు కూడా ఉంది. రెడ్డికి అప్పటికే ఇద్దరు కీపర్లున్నారు. నేను అంత శ్రద్ధగా పేరు కుట్టిన ఓబులేసు బెంచీ మీద నీళ్ల సీసాలకు కాపలా కూర్చున్నాడు.

తర్వాత నాకు విప్పుడు పని మొదలైంది. మైదుకూరు కోచ్ మస్తాన్ నెలకోసారి బస్సెక్కి వచ్చేవాడు, జట్టు వదిలి రెడ్డి దగ్గరికి పోయిన ఆటగాడి చొక్కా పట్టుకుని. పేరు కుట్టడానికి పది నిమిషాలు. బట్ట చినగకుండా విప్పడానికి గంట.

“ఇట్ల విప్పుకుంటా పోతే బట్ట మిగలదు మస్తానూ.”

“జట్టే మిగల్లేదు, బట్టదేముందక్కా.”

ఆఖరి మ్యాచ్ రెడ్డి జట్టుతోనే. మస్తాన్ దగ్గర ఆరుగురే మిగిలారు. ఏడుగురు లేకపోతే ఆట మొదలే పెట్టరు. దిగని జట్టును లీగు నుంచి తీసేస్తామని కమిటీ చెప్పేసింది. మస్తాన్ ఓబులేసు పాత ఒకటో నంబరు చొక్కా నా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. పేరు ఎప్పుడో విప్పేశాను. కొత్త పేరు కుట్టిద్దామంటే ఆడే మనిషి దొరకలేదు. అప్పుడే రెడ్డి వచ్చాడు, బ్యానరు మీద “ఛాంపియన్స్” అని కుట్టించుకోవడానికి.

నా ఓపిక అయిపోయింది. మిషన్‌కున్న టెన్షన్ మర చూపించాను. టెన్షన్ అంటే దారం బిగువు.

“చూడప్పా, పై దారం మరీ బిగిస్తే కింది దారాన్నంతా పైకి లాగేస్తాది. అప్పుడు కుట్టే నిలవదు. రేపు మైదుకూరోళ్లు రాకుంటే నువ్వు ఎవరి మీద గెలుస్తావు?”

“నాకు టెన్షన్ పెట్టద్దక్కా,” అని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపాడు. షామియానా చెప్పి, ముఖ్య అతిథిని పిలిచి ఉన్నాడు మరి. “సరే, ఓబులేసును లోన్ ఇస్తా. ఒక్క మ్యాచ్‌కే.” లోన్ అంటే ఆటగాణ్ణి అరువివ్వడం.

ఆ చొక్కా మీద పాత సూది రంధ్రాలు ఇంకా ఉన్నాయి. వాటి వెంబడే మళ్లీ కుట్టాను.

మైదుకూరు నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. ఏడుగురితో అంతకన్నా ఏం చేస్తారు? కానీ లీగులో నిలిచింది. ఓబులేసు ఆపిన ప్రతి బంతికీ కర్నూలు జనమే చప్పట్లు కొట్టారు. రెడ్డి జట్టు గోల్స్‌కు మాత్రం కొట్టలేదు.

గెలవడానికైనా ఎదుట ఒకడు నిలబడాలని ఆ చొక్కా నాకు నేర్పింది. రెడ్డికి నేర్పలేదు. ఈ ఏడు ముప్పై జెర్సీలు చెప్పాడు. చీటీలో ఓబులేసు పేరు వెతికాను. లేదు. ఒప్పందం అయిపోగానే మైదుకూరుకే పోయాడట. ఒక్క పేరన్నా విప్పే పని తప్పించినందుకు దేవుడికి దండం పెట్టి, ఆ ముప్పై మొదలుపెట్టాను.