శనగ చేలో నా విలువిద్య

రెండెకరాల శనగ చేనుతో పాటు నా పరువు కూడా ఎలా మేతకు పోయిందో చెబుతాను. నవ్వుకోండి గాని, మా ఆవిడ రత్తమ్మకు వినపడేలా నవ్వకండి. ఆవిడకు కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మా చేను కనిగిరి దగ్గర. ఆ ఏడు మా ఇంటి ఆశంతా ఆ శనగే. తెల్లవారేసరికి జింకలు దిగి చిగుళ్ళు కొరుకుతుంటే, రత్తమ్మ అందరిలాగే చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కట్టింది. అవి గాలికి ఎగురుతుంటే జింకలు మనుషులనుకుని దూరంగా ఆగిపోయేవి. ఉపాయం మంచిదే. కానీ నేను బతికుండగా నా చేనుకు చీరలు కాపలానా?

వెదురు వంచి విల్లు చేశాను. వంద గజాల్లో ఎగిరే పిట్టను కొట్టానని ఊరంతా చాటాను. నిజానికి పది అడుగుల్లో ఉన్న గడ్డివామిని కొట్టాను. అదీ రెండోసారికి.

మా బావమరిది కోటేశు విల్లు చూసి, "బావా, జింకను కొడితే ఫారెస్టోళ్ళు లోపలేస్తారు" అన్నాడు.

"ముందు కొట్టనీరా, తర్వాత చూద్దాం."

"అదీ నిజమేలే. ముందు తగలాలిగా!"

ఆ మాట నన్ను పొడిచింది. రత్తమ్మ మూడు రోజులకని వేటపాలెంలో చెల్లెలింటికి వెళుతూ, "చేను జాగ్రత్తయ్యో" అంది. ఆవిడ బస్సెక్కగానే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. చీరలుంటే జింకలు రావు. జింకలు రాకపోతే వేట ఏది? ఒక్కటి మిగల్చకుండా చీరలన్నీ విప్పి, మంచె మీద మెత్తగా పరుచుకుని కూర్చున్నాను.

తెల్లారేసరికి ముప్పై జింకలు దిగాయి. సరే, పదకొండు. చేను ఆ చివరన మేస్తున్నాయి. నా బాణం అంత దూరం పోదు. "దగ్గరికి రానీ" అనుకున్నాను. రెండో రోజూ అదే అనుకున్నాను. మూడో రోజు నిజంగానే మంచె కిందికి వచ్చాయి. అవతలి సాళ్ళు అయిపోయాయి మరి!

ఎదురుగా ఒక తల్లి, దాని పక్కన కూన. జాలిపడి వదిలేశానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అబద్ధం. బాణం వేశాను. అది మంచె కిందే పడింది. తల్లి జింక దాన్ని వాసన చూసి, పనికిరాదని పక్క మొక్క కొరికింది. ఆ కళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా, తగలకపోవడమే నేను చేసిన మంచిపని అనిపిస్తుంది. ఈ ఒక్కమాటలో మాత్రం అతిశయోక్తి లేదు.

రత్తమ్మ వచ్చి గట్టు మీద నిలబడింది.

"చీరలేయి?"

"మంచె మీద."

"శనగేది?"

నేను విల్లు వీపు వెనక్కి దాచుకున్నాను.

ఆ వేసవంతా మంచం మీద పడుకుని వచ్చే సీజనుకు పథకం వేశాను. విల్లు ఇంకా బిగువుగా ఉండాలి, మంచె చేను మధ్యకు మార్చాలి, చలికాలం దాకా రోజూ సాధన చెయ్యాలి. అంతా పూసగుచ్చినట్టు చెబితే రత్తమ్మ ఓపిగ్గా విన్నది.

"అంతా బాగానే ఉంది గాని, వచ్చే ఏడు శనగ వెయ్యట్లేదు. పక్క చేనోళ్ళు బోరు నీళ్ళిస్తామన్నారు, మిరప వేస్తున్నాం. జింకలు దాని మొహం కూడా చూడవు."

ఆ క్షణమే నేల తాకి ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో మిరప చేలో మేసే జింక మీద బాణం వెయ్యనని. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.