నాన్నను కొట్టిన సాయంత్రాలు

కొట్టాను, నిజమే, కాదని నేనెప్పుడన్నాను? కానీ ఎందుకు కొట్టానో చెప్పకుండా, మొన్న మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థంలో నలుగురి ముందూ "మా చెల్లె లాక్‌డౌన్ల నాయిననే కొట్టింది" అని మా అన్న నవ్వులాటగా అనేసరికి, చేతిలో ఫోన్ విసిరికొడదామన్నంత కోపం వచ్చింది. విసరకుండా, అదే ఫోన్‌లో ఇది రాస్తున్నాను.

మా నాన్న సినిమాల్లో ఫైటర్. అంటే హీరో కొడితే ఎగిరి పడే మనిషి. బల్లల మీద, మెట్ల మీద, బండరాళ్ల మీద ఏళ్ల తరబడి పడ్డాడు. షూటింగులు మూతపడటానికి కొద్దిరోజుల ముందే ఆయన కుడి భుజం దెబ్బతింది. రోజూ చెయ్యి చెవిదాకా ఎత్తే కసరత్తు చెయ్యకపోతే కీలు బిగుసుకుపోతుందని, తర్వాత ఎత్తుదామన్నా లేవదని డాక్టరు ఫోన్‌లో చెప్పాడు. చెయ్యి లేవని ఫైటర్‌ని ఎవరు పిలుస్తారు? అది తెలిసీ ఆయన టీవీ ముందు గోడకానుకుని కూర్చుండిపోయాడు. ఫిల్మ్ నగర్ బస్తీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. ఆయన కదలకపోతే మేమూ కదల్లేదు. అమ్మ మాటలు తగ్గించింది, అన్న మధ్యాహ్నందాకా నిద్ర, నేను ఫోన్‌లో తలదూర్చి ఎవరు పలకరించినా కసురుకునేదాన్ని.

ఉపాయం నానమ్మది. బాత్రూంలో జారితే ఏం గతని భయంగా ఉందంటూ, "పడుడు నీకే గదా కొడకా వచ్చు, జర నాకు నేర్పు" అని పట్టుబట్టింది. చాలా రోజులకి నాన్న నవ్వాడు. ఆ సాయంత్రం పరుపులు మోసుకుని అందరం డాబా ఎక్కాం. గడ్డం గుండెకి ఆనించాలి, మోకాళ్లు వదలాలి, ముందు భుజం నేలకి తగలాలి అని ఆయన చెబుతుంటే మేం పడటం, లేవడం, మళ్లీ పడటం. నానమ్మ మాత్రం కుర్చీలోంచి పరుపు మీదికి ఒరిగి, "హీరో యాడున్నడే, ఇంకోటి కొట్టుమను" అనేది. ఎదురుగా జూబ్లీహిల్స్ మేడల మీద ఒక్క మనిషీ కనబడేవాడు కాదు. మా డాబా మీద మాత్రం రోజూ అయిదింటికి అయిదుగురం చెమటలు కక్కేవాళ్లం.

ఫైటర్లకో పద్ధతుంది, ఎవరూ కొట్టకుండా పడరు. కొట్టే చెయ్యి మొహానికి మూరెడు దూరంలోంచి పోవాలి, దాన్ని చూసి పడేవాడు పడాలి. కోపిష్టిదాన్ని గనక ఆ కొట్టే పని నాకిచ్చారు. నాన్న పడేవాడు, కానీ ఎప్పుడూ ఎడమవైపుకే. కుడి చెయ్యి పొట్టకి అంటుకుపోయి ఉండేది. కసరత్తు మాటెత్తితే రేపు అనేవాడు. అలా ఎన్ని రేపులు పోయాయో.

ఒక సాయంత్రం నేనింక ఆగలేకపోయాను.

"సినిమాల గంత మీదికెళ్లి దుంకుతవ్, చెయ్యి లేపనీకి భయమా నాయినా?"

"ఫోన్ల తల వెట్టుకుని కూసునేదానికి నొప్పి ఏం ఎర్కనే?"

ఆ మాటకి ఒళ్లు మండింది. నా పిడికిలి మూరెడు దూరంలో పోలేదు, నేరుగా ఆయన మొహం మీదికే వెళ్లింది. అడ్డుకోవడానికి ఆయన కుడి చెయ్యి చెవిదాకా లేచింది, దెబ్బ మోచేతికి తగిలింది. నాన్న అరిచిన అరుపుకి పక్క డాబాల వాళ్లు పిట్టగోడల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. అమ్మ నా చెంప పగలగొట్టింది. కండరం తెగి ఉంటే ఏమయ్యేదని డాక్టరు తిట్టాడు. నిజంగానే ఆ చెయ్యి పోగొట్టానేమోనని, రాత్రి రెండు మూడుసార్లు లేచి అది కదులుతోందా అని చూశాను.

మర్నాడు అయిదింటికి నేను డాబా ఎక్కలేదు. నాన్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "రా, కొట్టు. గీసారి దూరంకెళ్లి, మెల్లగ. నేనే లేపుత." ఆ రోజు చెయ్యి ఛాతీదాకా లేచింది, పళ్లు బిగబట్టి లేపాడు. తర్వాత రోజుకింత చొప్పున, షూటింగులు మొదలయ్యేసరికి తలపైకి వచ్చింది.

ఇప్పుడు ఆయన పనికి వెళుతున్నాడు. నానమ్మ లేదు. మా అందరి చేతులకీ అడుగులు లెక్కపెట్టే వాచీలున్నాయి, ఎవరి నడక వాళ్లది, ఎవరి చెవుల్లో పాటలు వాళ్లవి. ఆ లాక్‌డౌన్ భయం మళ్లీ ఎవరికీ వద్దు గానీ, ఒక్కచోట అందరం ఆయాసపడిన ఆ ఇల్లు మాత్రం నాకు మళ్లీ దొరకలేదు. కూతురు తండ్రి మీద చెయ్యెత్తకూడదంటారు, సరే. కళ్లముందే ఆయన చెయ్యి బిగుసుకుపోతుంటే, ఇంకో రేపటిదాకా ఆగేవాళ్లు మీలో ఎవరో చెప్పండి చూద్దాం?