తోలు వాషరుతో శాలిబండకు

వచ్చే నెల నుంచి మా ఆముదం మిల్లు ఇంజనుకు క్రూడాయిలు సగమే ఇస్తామని కచేరీ నుంచి కాగితం వచ్చింది. యుద్ధకాలం. సగంతో, పంపు నీటి ఒత్తిడితో గింజలు పిండే మా నీటి ప్రెస్సు నడవకపోతే మిల్లు మూయాలి, తొమ్మిదిమంది పనివాళ్లు ఇళ్లకు పోవాలి. మిల్లు చూసుకున్న అన్నయ్య పోయి పదహారు రోజులైంది. నాకు పుస్తకాలు తప్ప యంత్రాలు తెలియవు. ప్రెస్సు సిలిండరులోని తోలు వాషరు అరిగి బలం వృథా అవుతోందేమోనని, దాన్ని విప్పించి గుడ్డలో చుట్టుకుని బయలుదేరాను.

జడ్చర్లలో ఉదయం ఆరుంబావుకు బండి. మూడో తరగతి టిక్కెట్టు పన్నెండణాలు. ఎదుట కూర్చున్న మిరపకాయల వ్యాపారి నా గుండు చూశాడు.

"తిరుపతి పోయొచ్చినవా అన్నా? ప్రసాదం గిట్ల తెచ్చినవా?"

"మా అన్న పోయిండు."

అతను రెండు అరటిపళ్లిచ్చాడు. ఒకటి తిన్నాను.

పదింటికి యాకుత్‌పురాలో దిగాను. చాయ్ తాగి, టాంగాలో శాలిబండ చేరాను. ప్రెస్సులు, పంపులు బాగుచేసే ఖాదర్ మిస్త్రీకి డెబ్బై ఏళ్లుంటాయి. జడ్చర్ల ఆముదం మిల్లు నుంచి వచ్చానని చెబితే, వాషరును వెలుతురుకు పట్టి వంచి చూశాడు.

"తోలు మస్తుగుంది. దీన్నెందుకు పరేషాన్ చేసినవ్? ప్రెస్సు ఎట్ల నడుపుతరో చెప్పు."

గింజలు బిగుసుకున్నాక పావుగంట అదే ఒత్తిడిలో ఉంచుతామని, అంతసేపూ పంపు ఆడుతూనే ఉంటుందని, ఎక్కువైన నీళ్లు సేఫ్టీ వాల్వు గుండా తిరిగి తొట్టిలో పడతాయని చెప్పాను.

"తొట్టి నీళ్లు ఎట్లుంటయి?"

"వేడిగుంటయి. పొద్దుమీకి పనోళ్లు అవ్వే నీళ్లతోని తానం చేస్తరు."

"శభాష్! నవాబులు పన్నీట్ల చేస్తరు, మీరు క్రూడాయిల్ల చేస్తున్నరు. పంపు ఉత్తగ ఆడుడుకే ఆ నీళ్లు కాగుతున్నయి."

పంపు గొట్టానికి మూసే వాల్వు పెట్టాలన్నాడు. ఒత్తిడి రాగానే దాన్ని మూసి, ఇంజను నుంచి పంపును తిప్పే పట్టా తప్పించాలి. తోలు బాగుంటే సిలిండరు తనంతట తానే పట్టి ఉంచుతుంది. ఒత్తిడి చూపే ముల్లు దిగినప్పుడే మళ్లీ పంపు.

"అయితే ఒక వాల్వియ్యి చాచా."

"ఇయ్య. మీ ఇంట్లనే ఉన్నది. జడ్చర్లల నీటి ప్రెస్సు ఒక్కటే గద? నాలుగేండ్ల కింద నీ పోలికలోడే, మీ అన్న గావచ్చు, వచ్చిండు. ఇదే మాట చెప్పిన. వాల్వు కొన్నడు."

"పెట్టలే."

"చలికాలం పోయినంక పెడ్తనన్నడు. ఏడున్నడు ఇప్పుడు?"

చెప్పాను. మిస్త్రీ వాషరును మళ్లీ గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

మూడున్నరకు తిరుగు బండి. ఇలాంటి పనిమీద శాలిబండ వెళ్లేవారు ముందు తమ తొట్టిలో చెయ్యి పెట్టి చూసుకుంటే ఛార్జీలు మిగులుతాయి. రేపే వాల్వు వెతికి బిగించాలి. మిల్లు నడుస్తుంది. కాని అప్పుడు తొట్టి నీళ్లు వేడెక్కవు, ఆముదం జిడ్డు చన్నీళ్లకు వదలదు. పనివాళ్ల స్నానాల కోసమే అన్నయ్య వాల్వు పెట్టలేదన్నమాట. మిల్లు వెనక పొట్టు గుట్టగా ఉంది, పొయ్యి పెట్టిస్తే నీళ్లు కాగుతాయి. ఇంత చిన్న ఉపాయం అన్నయ్యకు ఎందుకు తట్టలేదు?

షాద్‌నగర్ దాటాక అర్థమైంది. పొయ్యి పెట్టి కాస్తే అది ఉపకారం, రోజూ తొమ్మిదిమంది చేతులు జోడిస్తారు. యంత్రం నీళ్లకు ఎవరూ జోడించరు. అన్నయ్య దండాలంటే తప్పించుకు తిరిగే మనిషి.

పొయ్యి నేనే పెట్టించాలి. ఆ దండాలూ నేనే భరించాలి.