ఎత్తిన చెయ్యి

ఒకకరారా ఊరి బీళ్లలో తనకన్నా మేకల మనసెరిగినవాడు లేడని కవేజెరి తనే చెప్పుకుంటాడు. టోపీ వెనక్కి తోసి, కర్ర చంకలో ఇరికించుకుని, ఈల వేస్తూ మంద వెనక నడుస్తాడు. మందకు కాపలాగా పెంచుదామని తెచ్చిన కుక్కపిల్లను తొలిరోజు నుంచే వెంట తిప్పాడు, పని త్వరగా ఒంటబడుతుందని. అది సాయంత్రమయ్యేసరికి పిచ్చెత్తినట్టు గంతులేసి మేకపిల్లల చెవులు పట్టి లాగేది. "నక్కకు పుట్టిందానా!" అంటూ ఓనాడు కర్రతో ఒక్కటేశాడు. అది కుయ్యోమంటూనే ఆయన బూటు మీద తల వాల్చి నిద్రపోయింది. పక్కనే పాలు పులియబెట్టిన సొరకాయ బుర్రను ఊపుతున్న భార్య హుల్దా ఆ ఊపడం ఆపింది. "ఏమయ్యా, మేకపిల్లల్ని ఏనాడైనా మేతకు తోలుకెళ్లావా?" "వాటి కాళ్లకు అంత సత్తువేదే?" "మరి దీనివి ఇనప కాళ్లా? నిద్ర చాలని పసిపిల్ల ఇంకేం చేస్తుంది!"

మర్నాటి నుంచి దాన్ని మేకపిల్లలతోనే దొడ్డిలో వదిలాడు. పాలు, ఆట, నీడపట్టున కునుకు, అన్నీ వేళకే. ఓ మధ్యాహ్నం ఆయన అలికిడికి మేకపిల్లల మధ్య నుంచి అది తోకాడిస్తూ లేచింది. మురిసిపోతూ చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు. కుక్కపిల్ల తోక ముడుచుకుని మేకపిల్లల వెనక దాక్కుంది. ఎత్తిన చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో కవేజెరికి తెలియలేదు.